బావగారి హస్తవాసి

చీమిడి డాక్టరుకు ముక్కులంటే పరమ రోత. అలాంటి మనిషికే జనం ముక్కుల్లో పుల్లలు పెట్టి తిప్పే పని వచ్చి పడింది. ఆవిడ అసలు ఉద్యోగం ఆసుపత్రి ల్యాబులో క్రిముల్ని పెంచడం. ఏ చీములో ఏ క్రిమి ఉంది, అది ఏ మందుకు చస్తుంది, ఏ మందును పిప్పరమెంటులా చప్పరించేస్తుంది అన్నది తేల్చి చెప్పాలి. ఒక ఏడాది వార్డుల్లో చీముపుళ్ళు ఎక్కువైనప్పుడు, ఊడ్చేవాళ్ళ దగ్గర్నుంచి కోసేవాళ్ళ దాకా అందరి ముక్కుల్నీ పరీక్షించాల్సిందేనని పట్టుబట్టింది. ఆ దెబ్బతో చదువూ, డిగ్రీలూ, తలుపు మీది పేరూ అన్నీ గాలికి కొట్టుకుపోయి ఈ పేరొక్కటే మిగిలింది. ఎదురుగా మాత్రం అందరూ "మేడం" అంటారు.

రోత ఉన్నవాళ్ళకే ఈ పని బాగా వస్తుందని ఆవిడ నమ్మకం. ఆసుపత్రిని ఆవిడ చూసినట్టు మనం చూస్తే గుమ్మం దాటి లోపలికి వెళ్ళం. లిఫ్టు బటన్లు నిగనిగలాడేది తుడిచినందుకు కాదు, వేళ్ళ జిడ్డుకు. మంచాల మధ్య వేలాడే తెరలు, వచ్చేపోయేవాళ్ళంతా చేతులు తుడుచుకోగా తుడుచుకోగా, మనిషి నడుము ఎత్తున అట్టలా బిరుసెక్కాయి. ఎవరైనా నోట్లో పెట్టుకుని నమిలిన పెన్నును "సంతకం పెట్టండి మేడం" అని అందించారంటే ఆవిడకు ఆ పూట అన్నం సయించదు.

ఇక ఆవిడ బావగారి సంగతి. అక్క మొగుడు అదే ఆసుపత్రిలో ఎముకల డాక్టరు, ఆ విభాగానికి పెద్ద. ఆయన హస్తవాసి గురించి దారిన పోయేవాళ్ళను అడిగినా చెబుతారు. ఆయన ముట్టుకుంటే విరిగిన ఎముక సిగ్గుపడి తనంతట తనే అతుక్కుంటుందట. పొద్దున్నే ఆయన వస్తున్నాడంటే చాలు, రోగులు కట్లు కనిపించేలా కాళ్ళూ చేతులూ దుప్పటి బయట పెట్టుకుని ఎదురుచూస్తారు. ఆయన ఒక్కో మంచం దగ్గర ఆగుతాడు. కట్టు అంచును ఉత్త చేత్తో పైకెత్తి, కుట్ల మీద వేళ్ళు ఆనించి మెల్లిగా నొక్కి, "భేష్, పెళ్ళికొడుకులా ఉంది నీ కాలు" అంటాడు. అదే చేత్తో రోగి చెంప తట్టి తర్వాతి మంచానికి వెళతాడు.

గ్లవ్స్ తొడుక్కోరేమని మరదలు ఓసారి అడిగింది.

"తొడుగేసుకుని ముట్టుకుంటే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు మరదలా. చెయ్యి తగలాలి. అప్పుడే నమ్మకం" అన్నాడాయన.

జనం కూడా తక్కువవాళ్ళేం కాదు. కుర్ర డాక్టరెవరో గ్లవ్స్ వేసుకుని కట్టు విప్పాడని ఒక రోగి అలిగి, పెద్దాయన వచ్చి ముట్టుకుంటే తప్ప మందు మింగనని భీష్మించుకు కూర్చున్నాడు.

మంచానికీ మంచానికీ మధ్య బావగారికి ఒక అలవాటు ఉంది. ఆలోచిస్తున్నప్పుడు బొటనవేలితోనూ చూపుడువేలితోనూ ముక్కు కొసను పట్టుకుని ఓసారి కిందికి లాగుతాడు. ఆ తర్వాత వేలి కణుపుతో ముక్కు కింద రుద్దుకుంటాడు. ఆయనకది తెలియను కూడా తెలియదు. ఏళ్ళ తరబడి భోజనాల బల్ల దగ్గర ఆ దృశ్యం చూసీ చూసీ, బావగారు వడ్డించినదేదీ తినకుండా తప్పించుకోవడంలో చీమిడి డాక్టరు ఆరితేరిపోయింది.

రెండో అలవాటు ఆయన తెల్లకోటు జేబులో ఉంటుంది. మాత్రలు. తుమ్మొస్తే ఒకటి, గొంతు గరగరలాడితే ఒకటి. అవేమీ చిన్నాచితకా మందులు కావు, రోగులకు ఆచితూచి ఇవ్వాల్సినవి. ఓ రెండు రోజులు వేసుకుని, తెరిపివ్వగానే మర్చిపోతాడు. మిగిలినవి జేబు అడుగున దుమ్మూ నూలుపోగులూ అంటించుకుని తర్వాతి తుమ్ము కోసం కాచుకుని ఉంటాయి.

"పామును కొడితే చచ్చేదాకా కొట్టాలి బావగారూ. సగం కొట్టి వదిలేస్తే పగబట్టి తిరిగొస్తుంది" అని ఆవిడ చెప్పి చూసింది.

"పాముల్ని పెంచేది నువ్వు. నన్ను భయపెడతావేం?" అని ఆయన హాయిగా నవ్వాడు.

అక్క మోకాలు అరిగిపోవడంతో అసలు కథ మొదలైంది. లోహపు కీలు వెయ్యాలన్నారు. భార్యకు తనే కత్తి పెట్టడం బాగుండదని బావగారు శిష్యుడి చేత చేయించాడు. ఆపరేషన్ చక్కగా జరిగింది. ప్రత్యేకంగా గది ఇస్తామంటే అక్క వద్దని, ఆడామగా అందరూ ఉండే పెద్ద వార్డులోనే ఉంటానంది. నలుగురి మధ్య ఉంటేనే పొద్దుపోతుందంది. అది పైకి చెప్పిన మాట. ప్రతి ఉదయం మొగుడి వైభోగాన్ని పక్క నుంచి కళ్ళారా చూడాలన్నది లోపలి మాట. రోగులు ఆయనకు దణ్ణాలు పెడుతుంటే, ఆ దణ్ణాల్లో సగం తనవేనన్నట్టు తలగడకు ఆనుకుని కూర్చునేది. ఆయన వచ్చి మోకాలి మీది కట్టెత్తి వేళ్ళు ఆనిస్తే కళ్ళు మూసుకునేది. "ఆయన చెయ్యి పడితే చాలమ్మా, మందులెందుకు" అని పక్క మంచం ఆవిడతో అనేది.

వారం తిరక్కుండానే మోకాలు ఎర్రబడింది. ఆ తర్వాత ఉబ్బింది. కట్టు విప్పేసరికి వచ్చిన వాసనకు పక్క మంచం ఆవిడ అటు తిరిగి పడుకుంది.

ఆ చీము ల్యాబుకు వచ్చింది. గొట్టం మీద అక్క పేరు చూసి చీమిడి డాక్టరు దాన్ని కిందివాళ్ళకు ఇవ్వకుండా తనే తీసుకుంది. మర్నాటికి గాజు పళ్ళెంలో పసుపుపచ్చని చుక్కలు గుంపులు గుంపులుగా మొలిచాయి. మన చర్మం మీదా, ముక్కుల్లోనూ అద్దె కట్టకుండా కాపురముండే పాత క్రిమే అది. మామూలుదైతే చవక మందుకే చస్తుంది. ఆవిడ ఇంకో పళ్ళెంలో దాన్ని పరిచి, పైన రకరకాల మందు బిళ్ళలు అతికించింది. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిమి లేని గుండ్రటి ఖాళీ ఏర్పడాలి. చూస్తే ఖాళీ లేదు. బిళ్ళల అంచుల దాకా ఒరుసుకుంటూ, ఎవరబ్బ సొమ్మన్నట్టు పెరిగి కూర్చుంది. ఒకే ఒక్క బిళ్ళ చుట్టూ మాత్రం చిన్న ఖాళీ కనిపించింది. అన్నీ విఫలమైనప్పుడు నరంలోకి చుక్క చుక్కగా ఎక్కించే మందు అది.

బావగారి శిష్యుడు కుట్లు విప్పి లోపలంతా కడిగాడు. తర్వాత ల్యాబుకు వచ్చి ఆవిడకు విషయం చెప్పాడు.

"లోపలి కీలు ప్రస్తుతానికి అలాగే ఉంచాం మేడం. ఈ మందు పనిచేస్తే దక్కుతుంది. మళ్ళీ కొత్తగా క్రిమి పడిందంటే మాత్రం కీలు తీసెయ్యాలి. అప్పటికీ ఆగకపోతే..." అని మాట మింగి, తన కాలి వైపే చూసుకున్నాడు.

అక్క కాలు ఇప్పుడు ఒక్క మందు మీద, ఒక్క కట్టు మీద నిలబడి ఉంది. ఆ కట్టును పొద్దున్నే ఎవరు ఎత్తుతున్నారో ఆవిడకు తెలుసు. అంతకుముందు అదే వార్డు నుంచి నవ్వుకుంటూ ఇంటికెళ్ళిన లారీ డ్రైవరు ఒకడు తొడ నిండా చీముతో తిరిగొచ్చాడు. ఒక పంతులమ్మ కూడా అంతే. ముగ్గురి చీములోనూ అవే మందులు ఓడిపోయాయి, అదే ఒక్క మందు గెలిచింది.

మళ్ళీ ముక్కుల పరీక్ష మొదలైంది. నర్సులు ఇచ్చారు, కుర్ర డాక్టర్లు గొణుక్కుంటూ ఇచ్చారు, బావగారి శిష్యుడు కళ్ళనీళ్ళు పెట్టుకుని తుమ్ముతూ ఇచ్చాడు. ఫలితాలు రాకముందే సూపరింటెండెంటు ఆ వార్డు ఆయమ్మను తీసి గేటు దగ్గర ఊడ్చే పనిలో వేశాడు. మైల గుడ్డలు మోసేది ఆవిడేగా, ఆవిడ వల్లే వచ్చి ఉంటుందని అందరూ అనేసుకున్నారు. తీరా చూస్తే ఆయమ్మ ముక్కు శుభ్రంగా ఉంది. ఆ మాట చెప్పడానికి చీమిడి డాక్టరు సూపరింటెండెంటు గదికి వెళ్ళింది.

"రిపోర్టు సరే మేడం. ఏదో ఒకటి చేసినట్టు జనానికి కనపడాలి కదా" అన్నాడాయన.

"అయితే ముక్కు ఇవ్వని మనిషి ఒక్కరే మిగిలారు. ఆయన్ను మీరు అడగండి."

సూపరింటెండెంటు బల్ల మీది కాగితాలన్నీ ఓసారి సర్దాడు. "ఆయన చెయ్యి కోసం జనం ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. నేనెలా అడుగుతాను? మీకు బావగారే కదా, ఇంట్లో మాటగా అడగండి" అన్నాడు.

ఇంట్లో మాటగా అడగడం ఎప్పుడో అయింది. "సొంత మరదలివి, కావాలంటే ముక్కు పిండి వసూలు చేసుకో. పుల్ల పెడతానంటే మాత్రం కుదరదు" అని బావగారు నలుగురి ముందూ జోకేశాడు. నలుగురూ నవ్వారు. అక్కకు చెప్పబోతే మాట పూర్తి కానివ్వలేదు.

"నీకు మీ బావంటే మొదట్నుంచీ గిట్టదు. ఆయన చేతిలో ఎంతమంది లేచి నడిచారో నీకు తెలీదా? నీ పురుగులు నువ్వు చూసుకో తల్లీ."

ఆ మర్నాడు చీమిడి డాక్టరు వార్డు గుమ్మంలో నిలబడి చూసింది. బావగారు లారీ డ్రైవరు తొడ నొక్కాడు. ముక్కు లాగాడు. కణుపుతో రుద్దుకున్నాడు. అక్క మోకాలి మీది కట్టెత్తాడు. అక్క కళ్ళు మూసుకుంది, మొహంలో ఎంత ప్రశాంతతో. చెల్లెలు చూపు పక్కకు తిప్పుకుంది. గుమ్మం పక్కనే చేతులు కడుక్కునే సింకు ఉంది. దాంట్లో సబ్బు పగుళ్ళిచ్చి ఎండిపోయింది, కుళాయి మొదట్లో సాలీడు గూడు పెట్టుకుని ఉంది. ఇంత పెద్ద ఆసుపత్రిలో నిశ్చింతగా కాపురం చేస్తున్నది ఆ సాలీడొక్కటే అనుకుంది ఆవిడ. అదే రోజు ఒక నిర్ణయానికి వచ్చింది.

బల్లలూ గోడలూ ఎంత శుభ్రంగా ఉన్నాయో చూడడానికి ల్యాబుకు పెద్ద పెద్ద పళ్ళాలు కొత్తగా వచ్చాయి, అరచెయ్యి మొత్తం పట్టేంతవి. మధ్యాహ్నం బావగారికి కబురు పెట్టింది.

"కొత్త పళ్ళాలు వచ్చాయి బావగారూ. మీ చేత్తో మొదలుపెడితే నాకు కలిసొస్తుంది. ఒక్కసారి చెయ్యి ఆనించి వెళ్ళండి" అంది.

ముక్కు అడిగితే జోకేసి తప్పించుకున్న మనిషి చెయ్యి అడిగేసరికి ఉబ్బిపోయాడు. "ఇన్నాళ్ళకు నా చేతి విలువ నీకు తెలిసొచ్చింది" అంటూ వచ్చాడు. ఏ పళ్ళెం తీసుకోవాలా అని ఆలోచిస్తున్నట్టు ముక్కు కొస ఓసారి లాగాడు. ఆ తర్వాత పళ్ళెంలో క్రిములకు మేతగా పోసి ఉన్న మెత్తటి పదార్థం మీద ఐదు వేళ్ళూ పరిచి, మెల్లిగా, రోగి కుట్ల మీద నొక్కినంత ఆప్యాయంగా నొక్కాడు. వెళుతూ వెళుతూ మరదలి చెంప తట్టాడు. ఆయన మెట్లు దిగిన చప్పుడు ఆగేదాకా ఓర్చుకుని, ఆవిడ సింకు దగ్గర నిలబడి చెంప ఎర్రబడేదాకా కడుక్కుంది.

మోసం చేశానన్న బాధ ఆవిడకు కలగలేదు. రోత మాత్రం కలిగింది, కాస్త తన మీద కూడా. పెద్ద చదువులు చదివిన ఇద్దరి మధ్య ఒక నిజం బయటపడాలంటే పొగడ్త ఎర వెయ్యాల్సి వచ్చింది కదా అని.

మర్నాడు మూత తీయకుండానే కనిపించింది. పళ్ళెంలో ఒక చెయ్యి మొలిచింది. అరచెయ్యి, ఐదు వేళ్ళు, వేళ్ళ గీతలతో సహా. బొటనవేలూ చూపుడువేలూ ఉన్న చోట చుక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, ముద్దలుగా, పసుపుపచ్చగా, తడిగా మెరుస్తున్నాయి. చిటికెన వేలు పై కణుపు దగ్గర పక్కకు వంగి ఉంది. ఎప్పుడో కారు తలుపులో పడి నలిగిన వేలు అది. ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయింది. ఈ చెయ్యి ఎన్ని చెంపలు తట్టిందో, ఎన్ని కోతల్లోకి తొంగిచూసిందో ఊహించుకుంటే ఒళ్ళంతా కంపరమెత్తింది. బిళ్ళలు పెట్టి ఇంకో రోజు ఆగి చూసింది. అక్క చీములో ఓడిన మందులే ఇక్కడా ఓడాయి. గెలిచిందీ అదే.

పళ్ళెం పట్టుకుని బావగారి గదికి వెళ్ళింది. ఆయన చూశాడు. మొదట నవ్వబోయాడు. తర్వాత లేచి తలుపు వేసి వచ్చాడు.

"ఇది సిగ్గుపడాల్సిన సంగతి కాదు బావగారూ. ఎవరి ముక్కులోనైనా ఉండొచ్చు" అంది ఆవిడ, రోతను పళ్ళ బిగువున ఆపుకుంటూ. "ముక్కులో రాసుకునే మందు ఉంది. అది పూర్తిగా వాడండి. మళ్ళీ పరీక్ష చేసి పోయిందని నేను చెప్పేదాకా వార్డులో కట్లు ముట్టుకోకండి. ఆ తర్వాత కూడా చేతులు కడుక్కోండి. అంతే."

"వార్డుకు వెళ్ళకపోతే జనం ఏమనుకుంటారు?"

"అక్క కాలు పోతే ఏమనుకుంటారు?"

ఆయన కిటికీ దాకా నడిచాడు. చెయ్యి ముక్కు మీదికి వెళ్ళింది. లాగింది. రుద్దింది. ఇటు తిరిగినప్పుడు ఆయన గొంతు మెత్తబడింది, వార్డులో రోగులతో మాట్లాడే గొంతది.

"చూడు మరదలా. ఇన్నేళ్ళ పేరు. ఇలాంటివి బయటికి పొక్కితే ఆసుపత్రి మూతపడుతుంది. ఎలాగూ ఆయమ్మ వల్లే వచ్చిందని అందరూ అనుకుంటున్నారు. ఆవిడను మార్చేశారు కూడా. అనుకోనీ. ఆ పళ్ళెం కడిగెయ్."

అంతవరకూ ఆవిడ రోత అంతా ముక్కుల మీద, వేళ్ళ మీద, బిరుసెక్కిన తెరల మీద ఉండేది. కడిగితే పోయే మురికి మీద. ఇది వేరే మురికి. దీన్ని పళ్ళెంలో పెంచి చూపించడం కుదరదు, దీనికి బిళ్ళలు కూడా లేవు. ఆవిడ పళ్ళేన్ని ఆయన చేతికి ఇవ్వలేదు. మూతను నాలుగు వైపులా టేపుతో అంటించి, సంచిలో పెట్టుకుని నేరుగా అక్క దగ్గరికి వెళ్ళింది.

అక్క మందు గొట్టం ఉన్న చేతిని కదపకుండా దుప్పటి మీద పెట్టుకుని పడుకుని ఉంది. చెల్లెలు తెర లాగి, పళ్ళెం చూపించింది. ఒక్క మాట కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే అక్క మళ్ళీ అడ్డం తిరిగేదే.

అక్క తల కాస్త ఎత్తి చూసింది. తర్వాత మూత పైనుంచే ఆ వంకర చిటికెన వేలి దగ్గర తన వేలు పెట్టింది.

"ఆ కారు తలుపు వేసింది నేనే" అంది. "నెల రోజులు అన్నం కలిపి పెట్టాను."

"అక్కా..."

"ఇదేనా నా కాల్లో ఉన్నది?"

"ఇదే."

"ఆయనకు తెలుసా?"

"ఇందాక చెప్పాను."

"ఏమన్నారు?"

చెల్లెలు ఆయన అన్న మాటల్ని అలాగే చెప్పింది, ఆయమ్మ సంగతితో సహా. అక్క ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. మొహం మాత్రం ముడుచుకుంది, సగం తిన్న పండులో పురుగు కనిపించినప్పుడు ముడుచుకున్నట్టు. దుప్పటి అంచుతో చెంప తుడుచుకుంది. ఓసారి తుడుచుకుని ఆగలేదు, అదే చోట మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది. "ఇక నువ్వెళ్ళు" అంది.

మర్నాడు పొద్దున్న చీమిడి డాక్టరు వార్డు గుమ్మంలో నిలబడింది. బావగారు వస్తే చెయ్యి పట్టుకునైనా ఆపుదామనే వచ్చింది. ఆయన వచ్చాడు. మరదల్ని చూడనట్టే పక్క నుంచి దాటుకుని, అందరికంటే ముందు భార్య మంచం దగ్గరికి నడిచాడు. రోగులు అప్పటికే కాళ్ళూ చేతులూ బయటపెట్టుకుని ఎదురుచూస్తున్నారు. నర్సులు వెనక నిలబడ్డారు. శిష్యుడు ఫైలు పట్టుకున్నాడు.

"ఎలా ఉంది మా మహారాణి కాలు?" అని ఆయన కట్టు మీదికి చెయ్యి చాపాడు.

అక్క దుప్పటి లాగి మోకాలు కప్పుకుంది.

"చేతులు కడుక్కుని రండి" అంది.

గట్టిగా అనలేదు. ఇంట్లో పిల్లలతో అన్నట్టే అంది. అయినా వార్డంతా వినపడింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనతో ఆవిడ ఆ మాట ఎన్నడూ అనలేదు. ఇంకెవరూ కూడా అనలేదు.

"ఏంటి వేళాకోళం" అన్నాడాయన, చుట్టూ చూసి నవ్వుతూ. ఎవరూ నవ్వలేదు.

"వేళాకోళం కాదండీ. నా కాలు నాకు కావాలి. చేతులు కడుక్కోండి. ఆ గేటు దగ్గరున్న ఆయమ్మను వెనక్కి రమ్మనండి. నా చీము ఎవరిదో నాకు తెలుసు."

శిష్యుడు ఫైలులోకి తల దూర్చేశాడు. లారీ డ్రైవరు, పాపం, దేనికో ఏమిటో పూర్తిగా అర్థం కాకపోయినా, బయటపెట్టుకున్న కాలును మెల్లిగా దుప్పట్లోకి లాక్కున్నాడు. అతన్ని చూసి పక్కవాడు. అతన్ని చూసి ఆ పక్కావిడ.

బావగారు గుమ్మం పక్క సింకు దాకా నడిచాడు. కుళాయి తిప్పితే అది దగ్గి, తుప్పునీళ్ళు కక్కి, ఆ తర్వాత మామూలు నీళ్ళు వదిలింది. సాలీడు కొట్టుకుపోయింది. పగిలిన సబ్బును ఎంత రుద్దినా నురగ రాలేదు. అయినా ఆయన కడుక్కున్నాడు. అందరూ చూస్తున్నారు కాబట్టి మణికట్ల దాకా కడుక్కున్నాడు. చేతులు విదిలించి ఇటు తిరిగాడు. ఏమనాలా, ఎలా నవ్వాలా అని ఆలోచిస్తూ మంచం వైపు రెండడుగులు వేశాడు.

ఆలోచన రాగానే చెయ్యి పైకి లేచింది. బొటనవేలూ చూపుడువేలూ ముక్కు కొసను పట్టుకుని కిందికి లాగాయి. కణుపు ముక్కు కింద రుద్దింది.

వార్డు మొత్తం చూసింది. ఇన్నేళ్ళుగా అందరి కళ్ళ ముందే జరుగుతున్న దాన్ని మొదటిసారి చూసింది. పక్క మంచం ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెనక నిలబడ్డ నర్సు ఒకామె తన చెంప తడుముకుంది.

అక్క ఒక్క చేత్తోనే దుప్పటిని ఇంకాస్త బిగించి పట్టుకుంది.

"మళ్ళీ కడుక్కోండి" అంది.